ఎనిమిది వేల దగ్గర ఊడిపోతున్న డైనమో బెల్టు: బిగించేముందు ఇది చదవండి

ముందుగా ఒక్క మాటండి. ఆ బెల్టును ఇంకా బిగించకండి. మిగతాది నిదానంగా చెప్తాను, ఈలోపు స్పానరు పక్కన పెట్టండి.

మీరు అమలాపురం నుంచి రాసింది ఇదీ: పాత మారుతి ఎస్టీమ్, 1.3 లీటర్ల ఇంజను. క్యామ్ మార్చారు, హెడ్ పని చేయించారు, ఇప్పుడది 8,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతోంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్తే, 7,000 దాటాక గేరు మార్చినప్పుడల్లా డైనమో బెల్టు ఊడి కింద పడుతోంది. నాలుగు బెల్టులు మార్చారు, బ్రాండు మార్చారు, ప్రతిసారీ ముందుకన్నా గట్టిగా బిగించారు. ఇప్పుడు వాటర్ పంపు బేరింగు కూడా అరుస్తోంది. "ఇంకా ఎంత బిగించాలి?" అన్నది మీ ప్రశ్న.

నేను తొమ్మిదేళ్లు చెన్నైలో ట్రాక్ కార్ల గ్యారేజీలో పనిచేసి, ఇప్పుడు పాలకొల్లులో షాపు నడుపుతున్నాను. ఆల్టర్నేటర్‌ని అందరిలాగే డైనమో అనే అంటాను, మీరూ అలాగే రాశారు కాబట్టి ఆ మాటే వాడతాను. ఈ జబ్బు చాలా కార్లలో చూశాను. దాదాపు అన్నిచోట్లా జరిగే పొరపాటు ఒక్కటే. బెల్టు జారడం, బెల్టు ఎగిరిపోవడం ఒకటే అనుకుంటాం. అవి రెండూ వేరు వేరు జబ్బులండి. జారడానికి మందు బిగింపు. ఎగరడానికి అది మందు కాదు.

ఎందుకో లెక్కతో చూపిస్తాను. ఉదాహరణకి క్రాంకు పుల్లీ, అంటే ఇంజను షాఫ్టు చివర ఉండి బెల్టుని తిప్పేది, 130 మి.మీ., డైనమో పుల్లీ 55 మి.మీ. అనుకుందాం. మీ కారులో కొలిచి మీ అంకెలు వేసుకోండి. ఐడిలింగ్‌లో, అంటే 850 దగ్గర, బెల్టు గంటకు 21 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. సైకిలు వేగం. అప్పుడు లైట్లు, ఫ్యాను వేసి ఓ 30 ఆంపియర్లు లాగారంటే బెల్టు మీద సుమారు 13 కిలోల లాగుడు పడుతుంది. బెల్టు వదులుగా ఉంటే కీచుమంటుంది. ఇది జారుడు. అదే ఇంజను 8,000 దగ్గర బెల్టు గంటకు 196 కిలోమీటర్ల మీద ఉంటుంది. అప్పుడు డైనమో పూర్తి 60 ఆంపియర్లు ఇచ్చినా బెల్టు మీద లాగుడు 3 కిలోలకు మించదు, ఎందుకంటే అదే పవర్‌ని ఎక్కువ వేగంతో అందిస్తున్నాం. కాబట్టి పైన బెల్టు ఊడుతోందంటే ఛార్జింగ్ లోడు దోషం కాదు. చాలామంది ఫుల్ థ్రాటిల్‌లో డైనమో ఫీల్డు కట్ చేసే, అంటే ఛార్జింగ్ ఆపేసే రిలే పెడతారు. దానివల్ల కొంచెం హార్స్‌పవర్ మిగులుతుందేమో కానీ బెల్టు ఆగదు.

మరి పైన ఏం జరుగుతోంది? రెండు జరుగుతాయి.

మొదటిది బెల్టు సొంత బరువు. నాలుగు గాడుల బెల్టు మీటరుకు 80 గ్రాములు అనుకోండి. ఆ వేగంతో పుల్లీ చుట్టూ వంపు తిరిగేటప్పుడు అది బయటికి పోవాలని చూస్తుంది. తాడుకి చెంబు కట్టి గిరగిరా తిప్పితే చెయ్యి లాగేస్తుందే, అదే బలం. 8,000 దగ్గర ఇది సుమారు 24 కిలోల టెన్షన్‌ని తినేస్తుంది. 6,000 దగ్గర 13, 14 కిలోలే. వేగం పెరిగినకొద్దీ వర్గం చొప్పున పెరుగుతుంది కాబట్టి స్టాక్ ఇంజనులో, అంటే ఏ మార్పూ చేయనిదాంట్లో, ఏళ్ల తరబడి కిక్కురుమనని బెల్టు మీ చేతిలో తిరగబడింది. మీరు నిలిచి ఉన్న ఇంజను మీద 40 కిలోల టెన్షన్ పెట్టారనుకుంటే, 8,000 దగ్గర పుల్లీని పట్టుకోవడానికి మిగిలింది 16 కిలోలే.

రెండోది డైనమో రోటర్. లోపల రాగి, ఇనుము కలిసిన బరువైన ముద్ద అది. క్రాంకు 8,000 తిరిగితే అది 18,900 తిరుగుతుంది. మీరు క్లచ్ తొక్కి గేరు మార్చి క్లచ్ వదలగానే క్రాంకు 5,500కి పడిపోతుంది, సెకనులో ఆరో ఏడో వంతు సమయంలో. రోటర్ మాత్రం ఆగనంటుంది. అప్పటిదాకా క్రాంకు డైనమోని లాగింది, ఇప్పుడు డైనమో క్రాంకుని లాగుతుంది. బిగుతుగా ఉన్న పక్క వదులవుతుంది, వదులుగా ఉన్న పక్క బిగుస్తుంది. చిన్న కారు డైనమో రోటర్‌కి నేను లెక్కేస్తే ఈ తిరుగులాగుడు 35 కిలోలు దాటుతోంది. దాంట్లో సగం ఒక పక్క కలుస్తుంది, సగం రెండో పక్క నుంచి పోతుంది. మీ దగ్గర మిగిలిందే 16. అంటే ఆ పక్క బెల్టులో టెన్షన్ ఒక్క క్షణం సున్నా. ఆ క్షణంలో బెల్టు గాడిలోంచి పైకి లేచి, పక్క గాడి మీద ఎక్కుతుంది. తర్వాత తిరుగుడులో అంచు దాటుతుంది. మీరు ఎక్సిలరేటర్ మీద ఉన్నప్పుడు కాదు, గేరు మార్చినప్పుడే ఊడుతోందని రాశారు చూడండి, కారణం ఇదే.

"అయితే 60 కిలోలు బిగిస్తే ఆగాలి కదా?" అని మీరు అడగవచ్చు. కాగితం మీద ఆగాలి. కారులో ఆగదు. ఎందుకో నా కళ్లతో చూశాను, అది చెప్తాను.

చెన్నైలో ఉన్నప్పుడు మీలాంటి ఇంజనే, ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. ఒక పొడవాటి స్టీలు స్కేలు తీసుకుని క్రాంకు పుల్లీ ముఖానికి ఆనించి, డైనమో పుల్లీ వరకు పట్టాను. బెల్టు వదులుగా ఉన్నప్పుడు స్కేలు రెండు అంచులకీ ఆనింది, సందే లేదు. తర్వాత ఆ కారు వాళ్లు బెల్టు ఎలా బిగిస్తారో అలాగే పెద్ద రాడ్డు పెట్టి ఎత్తి బిగించమన్నాను. స్కేలు మళ్లీ పట్టాను. డైనమో పుల్లీ వెనక అంచు దగ్గర రెండు హాక్సా బ్లేడ్లు కలిపి దూరాయి. అంటే బిగించే బలానికే డైనమో తల తిప్పింది. కింద పివట్ బోల్టు బుష్ అరిగి ఉంది, పైన అడ్జస్టింగ్ పట్టీ పల్చటి రేకు. బిగించేకొద్దీ డైనమో వంకర పోతుంది, వంకర పోయేకొద్దీ బెల్టు పక్కకి ఎక్కాలని చూస్తుంది. మనం మందు అనుకుని వేసేదే జబ్బుని పెంచుతోంది. పైగా ఎస్టీమ్‌లో అదే బెల్టు వాటర్ పంపుని కూడా తిప్పుతుంది, మీ పంపు బేరింగు అందుకే అరుస్తోంది.

అందుకే పని మొదలుపెట్టాల్సింది వరస దగ్గర, అంటే పుల్లీలన్నీ ఒకే గీతలో ఉన్నాయా అన్న దగ్గర. ఈ మాట నేను ట్రాక్‌లో కాదు, తణుకులో నేర్చుకున్నాను. మా నాన్నగారు అక్కడ రైసుమిల్లులో ఫిట్టరు. పాత మిల్లుల్లో ఒకే పొడవు షాఫ్టు మీద నుంచి వెడల్పాటి పట్టా బెల్టులు కిందకి దిగేవి. బెల్టు ఊడితే ఆయన బిగించేవారు కాదు. పురికొస తీసుకుని ఒక పుల్లీ అంచు నుంచి రెండో పుల్లీ అంచుకు లాగిపట్టి, నాలుగు చోట్లా తగులుతోందా అని చూసేవారు. తగలని చోట సుద్దతో గీత. బెల్టు ఎప్పుడూ ఎత్తువైపు ఎక్కుతుందిరా అనేవారు. నిజమే, పట్టా బెల్టు పుల్లీ నడుమ కొంచెం ఉబ్బుగా చేసేది అందుకే, బెల్టు ఆ ఎత్తు మీద తనంతట తాను నిలబడాలని. మన కారు బెల్టుకి ఆ సదుపాయం లేదు. గాడులే దాన్ని పట్టుకోవాలి. గాడిలోంచి లేచిందా, ఇక దాన్ని నడుమకి తెచ్చేది ఏమీ ఉండదు. కాబట్టి పట్టా బెల్టు కన్నా దీనికి వరస ఇంకా ఖచ్చితంగా ఉండాలి. నేను పెట్టుకున్న హద్దు: రెండు పుల్లీల మధ్య 300 మి.మీ. దూరానికి 1 మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు. రేసు ఇంజనులో దానిలో సగం.

ఈ కొలత బెల్టు బిగించాక తీయాలి, ముందు కాదు. ఇది మర్చిపోకండి. తేడా ఉంటే డైనమో చెవికీ బ్రాకెట్టుకీ మధ్య షిమ్, అంటే పల్చటి బిళ్ల, వేసి సరిచేయండి. సందు ఉందని బోల్టుతో లాగేస్తే అల్యూమినియం చెవి విరుగుతుంది. అరిగిన పివట్ బుష్ తీసేసి లేత్ మీద కొత్తది తిప్పించండి. పైన ఉన్న రేకు పట్టీ స్థానంలో, రెండు చివరలా కుడి, ఎడమ మరలు ఉన్న గట్టి రాడ్డు వేయించండి. తిప్పితే పొడవు మారుతుంది, లాక్‌నట్ వేస్తే కదలదు. భీమవరంలో గానీ రాజమండ్రిలో గానీ ఏ మంచి లేత్ షాపులోనైనా చేసిపెడతారు. నా లెక్కలో సగం కార్లు ఇక్కడితోనే బాగుపడ్డాయి.

తర్వాత క్రాంకు పుల్లీ. చాలా కార్లలో దీని లోపల హబ్‌కీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది, మీదాంట్లో ఉందేమో చూడండి. పాత కార్లలో ఆ రబ్బరు వదిలేసి రింగు మెల్లగా ముందుకో వెనక్కో జరుగుతుంది. హబ్ మీద నుంచి రింగు మీదకి అడ్డంగా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. రెండుసార్లు నడిపి చూడండి. గీత విరిగి రెండు ముక్కలైతే పుల్లీ మార్చాల్సిందే, ఎంత వరస చేసినా ఉపయోగం లేదు. ఆ పుల్లీ తీసేసి తేలికపాటి అల్యూమినియం పుల్లీ వేయమని ఎవరో సలహా ఇచ్చారని రాశారు. దయచేసి వద్దు. ఆ రబ్బరు అక్కడ ఉన్నది క్రాంకు మెలితిప్పుడు వణుకుని మింగడానికి. 8,000 తిప్పే ఇంజనుకి అది స్టాక్ ఇంజను కన్నా ఎక్కువ అవసరం.

మన ప్రాంతం సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మీ కారు ట్రాక్‌కి వెళ్లని రోజుల్లో ఎక్కడ ఉంటుంది? రొయ్యల చెరువుల పక్క షెడ్డులోనో, కొబ్బరితోటలోనో అయితే మూడు నెలలకే పుల్లీ గాడుల్లో తుప్పు పడుతుంది. రోజూ తిరిగే కారులో బెల్టే ఆ గాడుల్ని రుద్ది మెరిపిస్తుంది. నిలిపేసిన కారులో ఆ తుప్పు ఉప్పుకాగితంలా కూర్చుని, మొదటి రోజే కొత్త బెల్టు పక్కల్ని కొరికేస్తుంది. బ్రాకెట్టు మీద నల్లటి పొడి కనబడితే అదే. కోతల కాలంలో ఊక, దుమ్ము వచ్చి, క్యామ్ సీలు దగ్గర కారిన ఆయిలుతో కలిసి గాడి అడుగున గట్టిపడుతుంది. అప్పుడు బెల్టు గాడిలో పూర్తిగా కూర్చోదు, అంచుల మీద తేలుతుంది. ఇత్తడి బ్రష్‌తో గాడి గాడీ శుభ్రం చేయండి, ఆకురాయి పెట్టకండి. కారే సీలు ముందు మార్చండి. మిల్లుల్లో పట్టా బెల్టుకి గుగ్గిలం రుద్దేవారని, దీనికీ బెల్టు స్ప్రే కొడితే పట్టు వస్తుందని కొందరంటారు. ఈ బెల్టుకి అది పనికిరాదు, దుమ్ము పట్టడం తప్ప.

ఇప్పుడు అసలు మార్పు, పుల్లీ సైజు. ఈ పని చేయకుండా 8,000 తిప్పే కారుని నేను షాపు దాటనివ్వను. డైనమో పుల్లీ 55 బదులు 70 మి.మీ. వేస్తే 8,000 దగ్గర రోటర్ 18,900 కాదు, 14,900 లోపే తిరుగుతుంది. మామూలు కారు డైనమోలు 18,000, 20,000 మధ్యే తట్టుకుంటాయి కాబట్టి మీ బేరింగులకీ ఊపిరి వస్తుంది. కానీ అంతకన్నా పెద్ద లాభం గేరు మార్చేటప్పుడు వచ్చే ఆ తిరుగులాగుడులో ఉంది. అది పుల్లీ సైజు వర్గానికి తగ్గుతుంది. 55 నుంచి 70కి వెళ్తే 38 శాతం పోతుంది. 38 కిలోలు ఉన్నది 24 కిలోల దగ్గరికి వస్తుంది. సగం అంటే 12. మీ దగ్గర మిగిలిన టెన్షన్ 16. ఇప్పుడు బెల్టు సున్నాకి పడదు. అదే 40 కిలోల బిగింపుతో, పంపు మీద ఒక్క కిలో కూడా పెంచకుండా.

దీనికి మీరిచ్చేది ఐడిలింగ్‌లో ఛార్జింగ్. 850 దగ్గర రోటర్ 1,600 లోపే తిరుగుతుంది, రావులపాలెం ట్రాఫిక్‌లో రాత్రిపూట హెడ్‌లైట్లు మసకబారతాయి. క్యామ్ మార్చిన ఇంజను ఎలాగూ 850 దగ్గర నిలకడగా ఉండదు కాబట్టి ఐడిలింగ్ 1,100 దగ్గర పెట్టండి, పాత రోజుల ఛార్జింగే వస్తుంది. కొత్త బెల్టు పొడవు సుమారు 24 మి.మీ. పెరుగుతుంది. బెల్టు వీపు మీద 4పీకే తర్వాత ఉన్న అంకె మిల్లీమీటర్లలో పొడవే, దానికి 20 నుంచి 25 కలిపి అడగండి.

క్రాంకు పుల్లీని చిన్నది చేస్తే బెల్టు వేగమే తగ్గుతుంది కదా అంటే, అవును, అది ఇంకా మంచి మందు. 130 నుంచి 110కి తెస్తే బరువు తినే 24 కిలోలు 17కి దిగుతుంది. కానీ మీ కారులో వాటర్ పంపు కూడా అంతే నెమ్మదిస్తుంది, మే నెల ఎండలో జామ్‌లో నిలబడితే సూది పైకి పోతుంది. పైగా రబ్బరు ఉన్న రింగుని లేత్ మీద తగ్గించకూడదు. ట్రాక్ మాత్రమే తిరిగే కారు అయితే ఆలోచించండి. ఇంటికీ ట్రాక్‌కీ ఒకటే కారు అయితే డైనమో వైపే మార్చండి.

టెన్షన్ కొలవడానికి బొటనవేలు చాలదు. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ వేసుకుని, రెండు పుల్లీల మధ్య పొడవైన పక్కని తంబురా తీగలా మీటండి. ఆ పక్క పుల్లీ తగిలే చోటు నుంచి తగిలే చోటుకి 30 సెం.మీ. ఉంటే, 40 కిలోల దగ్గర 115 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పలుకుతుంది. పొడవు మారితే అంకె మారుతుంది. కొత్త బెల్టు వేసి పది నిమిషాలు నడిపి, చల్లారాక మళ్లీ మీటండి, ఖచ్చితంగా దిగి ఉంటుంది, మళ్లీ సరిచేయండి. ఒక్కసారి బిగించి వదిలేసిన బెల్టే ఎక్కువగా ఊడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఆ పొడవైన పక్క ఊగుతుంటే, అప్పుడు ఐడ్లర్ పుల్లీ, అంటే దేన్నీ తిప్పకుండా బెల్టుకి ఆనుకుని తిరిగేది. స్ప్రింగు టెన్షనర్ పెట్టకండి. గేరు మార్చినప్పుడు బిగుతు పక్క మారిపోతుందని చెప్పాను కదా, ఆ లాగుడుకి స్ప్రింగు తెరుచుకుని ఎదురుపక్క ఇంకా వదులవుతుంది. కదలకుండా బోల్టు చేసిన నున్నటి ఐడ్లర్ చాలు, బెల్టు వీపుకి తగిలీ తగలనట్టు. దాని సైజు జాగ్రత్త. 60 మి.మీ. ఐడ్లర్ 8,000 దగ్గర 17,000 పైగా తిరుగుతుంది. రబ్బరు సీలు ఉన్న 6203 బేరింగు హద్దు 12,000 దగ్గరే. 80 మి.మీ. ఐడ్లర్ చేయించి, రేకు షీల్డు ఉన్న 6203 వేయండి, 13,000 దగ్గర హాయిగా తిరుగుతుంది. డీజిల్ కార్లలో వచ్చే ఒకవైపే పట్టే డైనమో పుల్లీ, అంటే క్రాంకు నెమ్మదిస్తే రోటర్ని తనంతట తిరగనిచ్చేది, మీ డైనమో షాఫ్టుకి సరిపోయేది దొరికితే అదీ మంచిదే. కానీ 70 మి.మీ. సైజులో దొరకడం కష్టం. పళ్ల బెల్టు గురించి అడిగారు, అది డ్రాగ్ కార్ల పని, రోడ్డు మీద దాని అరుపు భరించలేరు. ఇంకొకటి, మీ రెవ్ లిమిటర్, అంటే ఇంజనుని హద్దు దాటి తిరగనివ్వనిది, ఒకేసారి అన్ని సిలిండర్లూ కట్ చేసేదైతే దానికి తగిలిన ప్రతిసారీ బెల్టుకి దెబ్బే. మెల్లగా కట్ చేసేలా సెట్ చేయించండి.

పరీక్ష మాత్రం రోడ్డు మీద చేయకండి. మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, గేదెలు అడ్డం వస్తాయి, పిల్లలు సైకిళ్ల మీద ఉంటారు. ఆ అవసరం కూడా లేదు. న్యూట్రల్‌లో రేస్ చేసి వదిలినా క్రాంకు వేగం పడిపోతుంది, గేరు మార్చినంత దెబ్బ కాకపోయినా బెల్టు తీరు అందులో కనబడుతుంది. చీకటిపడ్డాక షాపులో టైమింగ్ లైటు, అంటే ఇంజను తిరుగుడుతో పాటు మెరిసేది, బెల్టు పక్కకి పట్టండి. వెలుగులో బెల్టు ఆగినట్టు కనబడుతుంది. నేను మొదటిసారి అలా చూసినప్పుడు, 7,000 నుంచి వదిలిన క్షణంలో ఆ పక్క మొత్తం విల్లులా బయటికి వంగి, ఒక పక్క గాడి మీదకి ఎక్కి, మళ్లీ దిగింది. అంతవరకు చెప్పిన లెక్కంతా ఒక్క సెకనులో కళ్ల ముందు కనబడింది. బెల్టు తిరిగే వరసలో ఎవర్నీ నిలబడనివ్వకండి. మెడలో తువ్వాలు, లుంగీ, పొడుగు చేతుల చొక్కా ఉండకూడదు.

ఇక ట్రాక్ మీద బ్యాటరీ లైటు వెలిగితే, ఆ ల్యాపు పూర్తిచేద్దాం అనుకోకండి. వెంటనే క్లచ్ తొక్కి ఇంజను ఆపేయండి. మీ కారులో ఆ బెల్టు పోతే నీళ్లు కూడా తిరగవు, అది ఒక భయం. రెండోది ఇంకా పెద్దది. చిరిగిన బెల్టు పోగులు క్రాంకు పుల్లీ వెనక్కి చుట్టుకుని టైమింగ్ కవర్లోకి దూరితే, క్రాంకుతో క్యామ్‌ని తిప్పే టైమింగ్ బెల్టు పళ్లు దాటొచ్చు. క్యామ్ మార్చిన ఇంజనులో వాల్వు పిస్టన్‌కి తగలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ పాత బెల్టులు ఊడినప్పుడు ఆ కవరు విప్పి చూశారా? చూడకపోతే ఇంజను మళ్లీ స్టార్ట్ చేసేముందు అది విప్పండి. లోపల నల్లటి దారప్పోగులు దొరికితే ఫొటో తీసి పెట్టండి. మూడు పుల్లీల వ్యాసాలు, పొడవైన పక్క కొలత, బిగించాక స్కేలు పెడితే వచ్చిన సందు కూడా రాయండి, మీ అంకెలతో లెక్క వేసి ఏ సైజు పుల్లీ తిప్పించాలో చెప్తాను.